మన ఊళ్లో చిన్న టీవీ స్టేషన్: టవర్ సంగతి తర్వాత, ముందు తీగ సంగతి

నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. "నలుగురు స్నేహితులం కలిసి బుచ్చికీ, చుట్టుపక్కల పది పదిహేను ఊళ్లకీ పనికొచ్చే చిన్న టీవీ స్టేషన్ పెట్టాలనుకుంటున్నాం. అమెరికాలో ఇలాంటి 'లో పవర్' (తక్కువ శక్తితో నడిచే) స్టేషన్లు చాలా ఉన్నాయట. టవర్ ఎంత ఎత్తు వేయాలి? ఎన్ని వాట్ల ట్రాన్స్‌మీటర్ కొనాలి? మొత్తం ఎంతవుతుంది?" ఆన్‌లైన్‌లో ఒక చైనా మిషన్ కూడా చూసి పెట్టుకున్నారట.

ఆ మిషన్ కొనకండి తమ్ముడూ. అడ్వాన్స్ కట్టి ఉంటే వెనక్కి అడగండి. ఎందుకో చెప్తాను, దాని బదులు మీరు చేయగలిగేది ఏమిటో కూడా చెప్తాను. నేను 1996లో కావలిలో కేబుల్ కంట్రోల్ రూమ్‌లో హెల్పర్‌గా చేరాను. స్తంభాలెక్కి తీగలు లాగాను, ఎండలో డిష్‌లు తిప్పాను. తర్వాత ఆత్మకూరులోనూ నెల్లూరులోనూ లోకల్ ఛానల్ పని చూశాను. లాభాలు వచ్చిన ఏళ్లు ఉన్నాయి, ఇంట్లో బంగారం కుదువ పెట్టిన ఏళ్లూ ఉన్నాయి.

మన దేశంలో యాంటెన్నాతో పట్టుకునేలా గాలిలోకి టీవీ ప్రసారం చేసే వీలు ఒక్క దూరదర్శన్‌కే ఉంది. ప్రైవేటు వాళ్లకి శాటిలైట్ ఉంది, కేబుల్ ఉంది, ఎఫ్ఎం రేడియో ఉంది. నేల మీద టవర్ వేసి టీవీ నడుపుకోవడానికి మాత్రం లైసెన్స్ అనేదే లేదు. దొరకడం కష్టమని కాదు, అసలు దానికి అప్లికేషన్ ఫారమే లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఆ తర్వాత రేడియోకి కొంత తలుపు తెరిచారు. 2002లో విద్యాసంస్థలకీ, 2006లో స్వచ్ఛంద సంస్థలకీ కమ్యూనిటీ రేడియో పెట్టుకునే అవకాశం ఇచ్చారు. 100 వాట్లు, 30 మీటర్లకు మించని టవర్. ఆ తలుపు టీవీకి తెరుచుకోలేదు. లైసెన్స్ లేకుండా పెడితే మిషన్ తీసుకుపోతారు, కేసు పెడతారు. నలుగురు స్నేహితుల్లో ఎవరి పేరు మీద బిల్లు ఉంటే వాళ్లే స్టేషన్ మెట్లు ఎక్కాలి, టీవీ స్టేషన్ కాదు.

అమెరికా సంగతి మీరు చదివింది నిజమే. అక్కడ ప్రసారాలని నియంత్రించే సంస్థ ఎఫ్‌సీసీ 1982లోనే లో పవర్ టీవీ అని ఒక వర్గం పెట్టింది. చిన్న పట్నాలు, చర్చిలు, కాలేజీలు, వలస వచ్చినవాళ్ల భాషల ఛానళ్లు దాని కింద నడుస్తాయి. పెద్ద స్టేషన్లు 2009లో డిజిటల్‌కి మారితే, ఈ చిన్న స్టేషన్లలో మిగిలిన అనలాగ్ ప్రసారాలు 2021 జూలైలో ఆగాయి. అయితే అక్కడి చిన్న స్టేషన్ పవర్ చూస్తే మనం కళ్లు తేలేస్తాం. యూహెచ్ఎఫ్‌లో, అంటే టీవీ తరంగాల్లో పై పట్టీలో, 15 కిలోవాట్ల దాకా అనుమతి. మన దూరదర్శన్ లో పవర్ ట్రాన్స్‌మీటర్ ఎక్కువగా 100 వాట్లది, లేదంటే 500.

ఆ మాటకొస్తే 'లో పవర్ ట్రాన్స్‌మీటర్' మనకేం కొత్త కాదు. 1984 ప్రాంతంలో దేశమంతా రోజుకొకటి అన్నంత వేగంగా వేశారు. అంతకుముందు సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు బంధువుల ఇళ్లకి వెళ్తే మద్రాసు దూరదర్శన్ చూసేవాళ్లం. గాలి వేస్తే మిద్దె మీద ఒకరు గొట్టం తిప్పడం, కింద నుంచి ఇంకొకరు "వచ్చింది, వచ్చింది, వదిలెయ్" అని అరవడం. లో పవర్ ట్రాన్స్‌మీటర్లు వచ్చాక ఆ బాధ తగ్గింది. కానీ వాటి పని ఏమిటంటే శాటిలైట్ నుంచి ఢిల్లీ కార్యక్రమాన్ని దించుకుని చుట్టూ 15, 20 కిలోమీటర్లకి వదలడం. ఊళ్లో టవర్ ఉండేది, టవర్ కింద ఇంజనీరు ఉండేవాడు, ఊరి కబురు ఒక్కటీ ఉండేది కాదు. దాన్ని చూసి చిన్నప్పుడు నాకు వింతగా ఉండేది: ఆయన గేటు ముందే బస్సు బోల్తా పడినా ఆ టవర్ ఆ ముక్క చెప్పలేదు.

ఊరి కోసం నడిచిన చిన్న ట్రాన్స్‌మీటర్ మన దేశంలో ఒకటుంది, దాని గురించి మీరు తప్పకుండా చదవాలి. గుజరాత్‌లో ఖేడా జిల్లా పిజ్ అనే పల్లె. 1975లో ఇస్రో అహ్మదాబాద్ కేంద్రం వాళ్లు అక్కడ ఒక కిలోవాట్ ట్రాన్స్‌మీటర్ పెట్టారు. చుట్టుపక్కల పల్లెల్లో సామూహిక టీవీ సెట్లు ఉంచారు. కూలి రేట్లు, కుల వివక్ష, పాడి, పొలం, ఇవన్నీ ఆ పల్లె జనంతోనే, వాళ్ల యాసలోనే తీసి వేసేవాళ్లు. అదే ఏడాది ఆగస్టు నుంచి 'సైట్' అనే శాటిలైట్ ప్రయోగం మన రాష్ట్రంతో కలిపి 6 రాష్ట్రాల్లో 2400 ఊళ్లకి టీవీ చూపించింది, ఏడాది పాటు. సైట్ గురించి అందరూ చెబుతారు. నా దృష్టిలో మీలాంటి వాళ్లు నేర్చుకోవాల్సింది పిజ్ దగ్గర. అక్కడ ముఖ్యం మిషన్ కాదు, పల్లెకి కెమెరా పట్టుకుని వెళ్లిన మనుషులు.

చట్టం పక్కన పెట్టినా మీ లెక్క కుదరదు. 30 మీటర్ల టవర్, అవతల మిద్దె మీద 10 మీటర్ల ఎత్తులో యాంటెన్నా ఉంటే చూపు దూరం 35 కిలోమీటర్ల దాకా వస్తుంది. బుచ్చి చుట్టూ అంతా చదును, వరిచేలు, కొబ్బరిచెట్లు. సిగ్నల్ బాగానే పోతుంది. కానీ పట్టుకునేదెవరు? మీ వీధిలో మిద్దెల మీదకి చూసి రండి. చేప ముల్లు లాంటి ఆ పాత యాంటెన్నా ఒక్కటైనా కనిపిస్తుందేమో. దూరదర్శనే 2022 మార్చి నాటికి తన అనలాగ్ ట్రాన్స్‌మీటర్లు దాదాపు అన్నీ ఆపేసింది, సరిహద్దుల్లాంటి ముఖ్యమైన చోట్ల ఓ 50 ఉంచుకుంది. యాంటెన్నా లేని ఇళ్లకి గాలిలో సిగ్నల్ పంపడమంటే తలుపేసిన ఇంటి ముందు పేపర్ వేసి రావడమే. పైగా ఒకప్పటి టీవీ యూహెచ్ఎఫ్‌లో పై భాగం, 700 మెగాహెర్ట్జ్ ప్రాంతం, ఇప్పుడు 5జీ ఫోన్లది. మీ మిషన్ అక్కడ మోగిందంటే మొదట తలుపు తట్టేది ఫోన్ కంపెనీ వాళ్లే.

సరే, ఇక తీగ దగ్గరికి వద్దాం.

నేను పనిలో చేరిన రోజుల్లో లోకల్ ఛానల్ పెట్టడం టీకొట్టు పెట్టినంత తేలిక. కంట్రోల్ రూమ్‌లో ఒక్కో ఛానల్‌కి ఒక్కో మాడ్యులేటర్ ఉండేది, అంటే బొమ్మనీ మాటనీ కేబుల్‌లో ఒక ఛానల్‌గా ఎక్కించే పెట్టె. శాటిలైట్ రిసీవర్ల నుంచి వచ్చే ఛానళ్ల పక్కనే ఇంకో మాడ్యులేటర్ పెట్టి, దానికి వీసీఆర్ తగిలిస్తే ఛానల్ అయిపోయినట్టే. సాయంత్రం వార్తలు రెండు వీసీఆర్‌ల మధ్య ఎడిట్ చేసి, ఒక కాపీ ఇక్కడ వేసి, ఇంకో కాపీ క్యాసెట్ సంచిలో పెట్టి బస్సు డ్రైవర్ చేతికి ఇస్తే పక్క ఊరి కంట్రోల్ రూమ్ వాళ్లు స్టాండులో దించుకునేవాళ్లు. బస్సు లేటయితే వాళ్ల ఊళ్లో నిన్నటి వార్తలే మళ్లీ. ఒకసారి క్యాసెట్ల సంచి తారుమారై వార్తల టైములో ఎవరిదో పెళ్లి వీడియో వేశారు. పెళ్లివారి తరఫు నుంచి ఫోన్ వచ్చింది, ఇంకోసారి వేయమని.

ఆ కాలం డిజిటల్‌తో అయిపోయింది. 2011లో చట్టం మార్చి, 2012లో మెట్రోలతో మొదలుపెట్టి, చివరి దశగా 2017 మార్చి నాటికి పల్లెలతో సహా అంతటా సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరి చేశారు. దాంతో ఊళ్లో కంట్రోల్ రూమ్ చాలాచోట్ల ఉత్త జంక్షన్ అయింది. ఛానళ్లన్నీ ఎమ్మెస్వో (ఊరి ఆపరేటర్లకి ఛానళ్లు సరఫరా చేసే పెద్ద ఆపరేటర్) హెడ్‌ఎండ్‌లో, అంటే నెల్లూరులోనో విజయవాడలోనో ఉండే పెద్ద కంట్రోల్ రూమ్‌లో, ఒక్కచోట గుదిగుచ్చి లాక్ వేసి ఫైబర్‌లో పంపుతారు. మన ఊరి ఆపరేటర్ అదే అందుకుని ఇళ్లకి పంచుతాడు. మధ్యలో మాడ్యులేటర్ తగిలించి మన ఛానల్ దూర్చడానికి లేదు. దూర్చినా బాక్సు దాన్ని చూపించదు.

కాబట్టి ఇప్పుడు మీ దారి ఎమ్మెస్వో గుండా పోవాల్సిందే. దీనికి ప్రభుత్వం పెట్టిన పేరు 'ప్లాట్‌ఫామ్ సర్వీస్'. సమాచార ప్రసార శాఖ 2022 నవంబరు 30న దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. అవి చదవకుండా ఎవరితోనూ డబ్బు మాట మాట్లాడకండి. నాకు ముఖ్యమనిపించినవి చెప్తాను.

మొదటిది, ఛానల్ మీది కాదు. రిజిస్ట్రేషన్ ఎమ్మెస్వో పేరు మీద, ఆన్‌లైన్‌లో, ఒక్కో ఛానల్‌కి వెయ్యి రూపాయలు. మీరు దానికి కార్యక్రమాలు ఇచ్చేవాళ్లు మాత్రమే. ఏదైనా తప్పు పడితే నోటీసు ఎమ్మెస్వోకి వస్తుంది, ఆయన ఆ మర్నాడే మీ ఫీడ్ పీకేస్తాడు. ఇది తెలియక 'మా ఛానల్, మా ఛానల్' అని ఊరంతా బోర్డులు పెట్టి, ఏడాది తిరక్కుండా మూసుకున్నవాళ్లని చూశాను. కాగితం మీద ఒప్పందం రాసుకోండి. ఎంత కాలానికి, నెలకి ఎంత, ఆపాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, యాడ్ డబ్బు ఎవరిది. నోటిమాట మీద నడిపితే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఒకాయన దసరా యాడ్లు మొత్తం మేం తెచ్చాక, కార్తీకంలో మా టైమ్ స్లాట్ తన బావమరిదికి ఇచ్చేశాడు.

రెండోది, వార్తలు వేయాలంటే ఆ ఎమ్మెస్వో కంపెనీగా రిజిస్టర్ అయి ఉండాలి. సొంత పేరు మీదో భాగస్వామ్యం మీదో నడుపుతుంటే లోకల్ వార్తలు, వర్తమాన విషయాలు వేయకూడదు. వెళ్లగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. కంపెనీ కాకపోతే మీరు భజనలు, వంటలు, పెళ్లి శుభాకాంక్షలు వేసుకుని కూర్చోవాలి.

మూడోది, చాలామందికి తెలియని మెలిక. ఒక ఎమ్మెస్వోకి ఇచ్చిన ప్లాట్‌ఫామ్ సర్వీస్ ఫీడ్ ఇంకో ఎమ్మెస్వోకి ఇవ్వకూడదు, నేరుగానూ ఇవ్వకూడదు, దొడ్డిదారినా ఇవ్వకూడదు. గుళ్లు, ప్రార్థనా స్థలాల నుంచి ఇచ్చే లైవ్‌కి మాత్రం మినహాయింపు ఉంది. అంటే మీ ఊళ్లో రెండు నెట్‌వర్కులు ఉంటే, ఒకదాన్ని ఎంచుకున్న రోజే మిగతా సగం ఊరు మీకు లేనట్టే. ఫైబర్‌నెట్ బాక్సు ఉన్న ఇల్లు వేరు, డీటీహెచ్ గిన్నె ఉన్న ఇల్లు వేరు, ఫ్రీ డిష్ ఇల్లు ఇంకా వేరు. అందుకే ఎమ్మెస్వో దగ్గరికి వెళ్లేముందు నాలుగు వీధులు తిరిగి ఏ ఇంట్లో ఏ బాక్సు ఉందో రాసుకోండి. వాళ్లు చెప్పే కనెక్షన్ల లెక్క నమ్మకండి. నేనూ ఒకప్పుడు ఆ లెక్క చెప్పినవాణ్ణే.

ఎమ్మెస్వో మోయగలిగే మొత్తం ఛానళ్లలో 5 శాతానికి మించి ఇలాంటివి పెట్టకూడదు. దానికి తోడు జిల్లాకి రెండు ఛానళ్లు స్థానిక కార్యక్రమాలకని అదనం. తెర మీద ప్లాట్‌ఫామ్ సర్వీస్ అని కనపడాలి. బాక్సు చూపించే ఛానళ్ల జాబితాలో ఇలాంటి ఛానళ్లన్నీ ఒక్కచోటే ఉండాలి. ఇక వేసిన ప్రతిదీ 90 రోజులు దాచాలి. ఇది అందరూ తేలిగ్గా తీసుకునే నిబంధన, ఫిర్యాదు వచ్చినరోజు మెడకి చుట్టుకునేది కూడా ఇదే. లెక్క చూడండి: సెకనుకి 2 మెగాబిట్ల చొప్పున 24 గంటలు రికార్డు చేస్తే రోజుకి 21.6 జీబీ. 90 రోజులకి 1944 జీబీ. 2 టీబీ డిస్క్ అంచుల దాకా నిండిపోతుంది, అందుకని 4 టీబీవి రెండు కొని ఒకదాని కాపీ ఇంకొకదాంట్లో ఉంచండి. ఈ బాధ్యత చట్టప్రకారం ఎమ్మెస్వోదే అయినా మీ కాపీ మీ దగ్గర ఉండాలి. అనని మాట అన్నారని ఒక నాయకుడి మనుషులు వస్తే మిమ్మల్ని కాపాడేది ఆ డిస్కే.

ఇక సామాను. మీ గది నుంచి ఫైబర్ మీద హెడ్‌ఎండ్‌కి ఫీడ్ పంపే ఎన్‌కోడర్ ఒకటి, కార్యక్రమాలు వరసగా వేయడానికి కంప్యూటర్ ఒకటి, ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకి మార్చడానికి ఓబీఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. కెమెరాల గురించి ఎక్కువ ఆలోచించకండి. ఇప్పటి ఫోన్ మా అప్పటి లక్షల కెమెరా కంటే నయం. కాకపోతే ఫోన్‌లో ఫ్రేమ్ రేట్ సెకనుకి 25కి మార్చండి, షట్టర్ సెకనులో 50వ వంతు పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, 30 ఫ్రేముల్లో తీస్తే ట్యూబ్‌లైట్ కింద బొమ్మ తపతపా కొట్టుకుంటుంది, కేబుల్ బాక్సులోకి వెళ్లాక కదలికలు గతుకుల రోడ్డు మీద బండిలా కనపడతాయి. ఇంకోటి, స్క్రోలింగ్‌ని తెర అడుగు అంచుకి అంటించకండి. చాలా టీవీలు నాలుగు వైపులా కొంచెం కోసేస్తాయి. కింద సగం కోసుకుపోయిన అక్షరాలతో బంగారం షాపు వాళ్ల ఫోన్ నంబర్ వేస్తే వాళ్లు బిల్లు కట్టరు.

డబ్బుంటే శబ్దం మీద పెట్టండి. ఇది నేను గడ్డం నెరిశాక తెలుసుకున్నది. బొమ్మ మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే రిమోట్ నొక్కేస్తారు. ఒక ఏడాది వైశాఖంలో రాపూరు మండలం పెంచలకోన బ్రహ్మోత్సవాలు చూపించడానికి వెళ్లాం. మైక్‌సెట్ ఆయన మిక్సర్ నుంచి లైన్ తీసుకున్నాం. ఆయన మిక్సర్ ఒక జనరేటర్ మీద, మా సామాను ఇంకో జనరేటర్ మీద. కల్యాణం మొదలైనప్పటి నుంచి మంత్రాల వెనక 'జుయ్' అని ఒకటే మోత. భక్తులకి అది తుమ్మెద నాదంలా వినిపించిందేమో తెలియదు, మాకు మాత్రం రెండు గంటలు నరకం. మర్నాడు నెల్లూరు వెళ్లి ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి మధ్యలో పెడితే మోత పోయింది. అరచేతిలో పట్టే డబ్బా అది. అప్పటి నుంచి అది లేకుండా ఏ గుడికీ పోలేదు. ఆ కొండల మధ్య ఫోన్ సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోలేం కాబట్టి, రికార్డు చేసి బైకు మీద పంపే మనిషిని కూడా పక్కన పెట్టుకునేవాళ్లం.

మీరు ఖర్చు అడిగారు. సామాను ఒకసారి కొనేది, దాని గురించి భయం లేదు. నలుగురూ నెలకి 15 వేల చొప్పున తీసుకున్నా 60 వేలు, ఏడాదికి 7 లక్షల 20 వేలు. ఫైబర్, ఎమ్మెస్వోకి కట్టేది, గది అద్దె, పెట్రోలు దాని మీద. ఇదంతా యాడ్ల మీదే రావాలి. మన పట్నాల్లో యాడ్లకి ఒక పంచాంగం ఉంది. మే, జూన్‌లలో స్కూళ్లు, కాలేజీలు. శ్రావణంలో పట్టుచీరలు. దసరా నుంచి సంక్రాంతి దాకా అందరూ. మూఢం వచ్చిందంటే బంగారం షాపు స్క్రోలింగ్ ఆగిపోతుంది, కల్యాణమండపం వాళ్లు ఫోన్ ఎత్తరు. ఆ నెలలకి ముందే దాచుకోవాలి. చేతిలో డబ్బు లేనప్పుడే వస్తారు మూలశంకకి మందు, పిల్లలు పుట్టడానికి పసరు, మూడురోజుల్లో షుగర్ మాయం అనేవాళ్లు. వాళ్లు రొక్కం ఇస్తారు. తీసుకోకండి. అద్భుత వైద్యాల ప్రకటనల మీద 1954 నుంచీ చట్టం ఉంది. చట్టం సంగతి అలా ఉంచితే, ఆ పసరు తాగేది మీ పక్కింటివాళ్లే. సారా, సిగరెట్ యాడ్లు కేబుల్‌లో కుదరవు, వాటి పేరుతో వచ్చే సోడా యాడ్లు కూడా వద్దు. సినిమా పాటలు రోజంతా తిప్పుదామనే ఆలోచన ఉంటే హక్కులు కొనాలి, లేదంటే మానుకోండి.

మరి ఏం వేయాలి? రాష్ట్ర వార్తలు మీరు చెప్పక్కర్లేదు, పాతిక ఛానళ్లు అరుస్తూనే ఉన్నాయి. జనం మా ఛానల్ పెట్టుకున్నది మూడు నాలుగు విషయాలకే. సోమశిల నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారు, కాలవకి నీళ్లు ఎప్పుడొస్తాయి. వడ్లు పుట్టి ఎంత పలికింది. మన దగ్గర పుట్టి అంటే 850 కిలోలు, పై జిల్లా నుంచి వచ్చిన కుర్ర యాంకర్ క్వింటా లెక్కన చదివితే రైతులు నవ్వుకున్నారు. రొయ్యల కౌంట్ ధరలు, కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. రేపు కరెంటు ఎక్కడ తీస్తారు. ఎవరు పోయారు, దశదిన కర్మ ఎప్పుడు. చావు కబుర్లు వేయడం చిన్నతనమని మొదట్లో అనుకున్నాం, నిజానికి ముసలివాళ్లు సాయంత్రం టీవీ పెట్టేది దానికోసమే.

ధరల దగ్గర జాగ్రత్త. ఒకసారి 40 కౌంట్ ధర కిలోకి పది రూపాయలు ఎక్కువ చదివేశాం. ఫోన్‌లో చెప్పినాయన పొరపాటు, రెండోసారి అడక్కపోవడం మా పొరపాటు. ఇందుకూరుపేట వైపు ఒక రైతు ఆ మాట నమ్మి, మాట్లాడుకున్న ఏజెంటుని కాదని, ఆ రాత్రి చెరువులో రొయ్యలు పట్టడం ఆపేశాడు. రెండు రోజుల్లో ధర ఇంకా పడింది. ఆయన మా గదికొచ్చి తిట్టలేదు, కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లాడు. తిట్టి ఉంటేనే బాగుండేది. ఆ రోజు నుంచి ఏ ధరైనా ఇద్దర్ని అడిగాకే చదివేవాళ్లం. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ చదివేవాళ్లం.

రొట్టెల పండగ లాంటివాటికి పెద్ద ఛానళ్లు వస్తాయి. బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువు, జనం నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకోవడం, ఇవన్నీ వాళ్లు మీకంటే అందంగా చూపిస్తారు. మీరు వేయాల్సింది ఏ రోడ్డు మూసేశారు, బస్సులు ఎక్కడ ఆపుతున్నారు, తప్పిపోయిన పిల్లాడు ఏ టెంట్‌లో ఉన్నాడు అనేది.

ఎన్నికలప్పుడు డబ్బు బాగా వస్తుంది, కేసులూ అప్పుడే వస్తాయి. పార్టీలు, అభ్యర్థులు ఇచ్చే ప్రతి యాడ్‌కీ ఎన్నికల మీడియా సర్టిఫికేషన్ కమిటీ అనుమతి ముందే ఉండాలి. రిజిస్టర్ అయిన పార్టీలు, పోటీలో ఉన్న అభ్యర్థులు మూడు రోజుల ముందు, మిగతావాళ్లు ఏడు రోజుల ముందు అప్లికేషన్ పెట్టుకోవాలి. "ఇప్పుడే వేసెయ్, కాగితం రేపు తెస్తా" అనేవాళ్లు కచ్చితంగా వస్తారు, అందులో మీ బంధువులూ ఉంటారు. పోలింగ్‌కి ముందు 48 గంటలు ప్రచారం ఏదీ వేయకూడదు. కేబుల్ చట్టం కింద చర్య తీసుకునే అధికారం కలెక్టర్‌కీ ఆర్డీవోకీ ఉంది. సామాను కూడా స్వాధీనం చేసుకోవచ్చు.

టవర్ గురించి నాకు ఒక్కసారి మాత్రం బాధ కలిగింది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు. కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. మా ఫైబర్ కూడా పోయింది, కరెంటు అంతకంటే ముందే పోయింది. ఏ ఊరు ఖాళీ చేయమన్నారు, ఏ బడిలో అన్నం పెడుతున్నారు అని జనానికి సమాచారం కావాల్సిన రెండు రోజులూ మా ఛానల్ నల్లగా ఉంది. చివరికి ఆటోకి మైకు కట్టి తిరిగాం. గాలిలో వెళ్లే ఒక చిన్న స్టేషన్, బ్యాటరీ మీద నడిచేది, ఆ రోజు ఉంటే ఎంత పనికొచ్చేదో. అందుకే మీలో ఎవరికైనా స్వచ్ఛంద సంస్థతో సంబంధం ఉంటే కమ్యూనిటీ రేడియో గురించి కూడా ఆలోచించమంటాను. అందులో సొంతంగా వార్తలు చెప్పనివ్వరు, ఆకాశవాణి వార్తలే వేయాలి. కానీ వాతావరణం, వరద హెచ్చరికలు, నీళ్లు, కరెంటు, ధరలు, పండగలు చెప్పొచ్చు. రిసీవర్ ఖర్చు కూడా తక్కువ, చాలా ఆటోల్లో అది ఉండనే ఉంది.

యూట్యూబ్ పెట్టుకుంటే సరిపోదా అని మీలో ఒకరైనా అని ఉంటారు. పెట్టుకోండి, రెండూ నడపండి. ఎమ్మెస్వోతో ఒప్పందంలో మాత్రం ఆ ముక్క రాయించుకోండి. అయితే యూట్యూబ్‌లో మీ బుచ్చి వార్త చూసేది ఎక్కువగా హైదరాబాద్‌లోనూ కువైట్‌లోనూ ఉన్న బుచ్చివాళ్లు. వాళ్లకి ఊరి మీద బెంగ, కాలవ నీళ్లతో పనిలేదు. పనున్న పెద్దాయన రిమోట్‌లో నంబర్ నొక్కుతాడు.

ఇప్పుడు చేయాల్సింది ఒకటి చెప్తాను. ఎవరికీ రూపాయి కట్టకుండా, ఫోన్లతోనే, రేపటి నుంచి ముప్పై రోజులు రోజుకో అరగంట తయారు చేయండి. సాయంత్రం ఆరున్నరకి ఫైల్ పూర్తయి డిస్క్‌లో ఉండాలి, ఏడుకి కాదు. ఆదివారం కూడా. వానలో కూడా. పదో రోజుకి ఒకరికి జ్వరం వస్తుంది, పదిహేనో రోజుకి ఒకరి మేనమామ కూతురు పెళ్లి వస్తుంది. ముప్పయ్యో రోజున ఇంకా ఎంతమంది మిగిలారో చూసుకోండి. ముగ్గురుంటే ఆ ముప్పై ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నెల్లూరు వెళ్లి ఎమ్మెస్వోని కలవండి. ఆయన మీ కెమెరా ఏదని అడగడు. "రోజూ వేస్తారా?" అనే అడుగుతాడు. మీరు మాటేం చెప్పక్కర్లేదు, పెన్‌డ్రైవ్ ఆయన ముందు పెట్టండి.